చలికాలపు రాత్రులు: మన యిండ్లు, మన కుంపట్లు

హాలియా ప్రాంతపు రైతులకు ఎండను గూర్చి ఎవరును బోధింపనక్కరలేదు. మే నెలలో ఇల్లు చల్లగా నుంచుకొనుట యెట్లో ముసలివారు మొదలు పిల్లలవరకు అందఱు నెఱుగుదురు. చలి సంగతి యట్లు గాదు. అది ఏటికి ఆరేడు వారములు వచ్చి పోవు చుట్టము వంటిది. దానికై యెవరును ఇల్లు కట్టరు, ముందుగా సామగ్రి కూర్చుకొనరు. మార్గశిర పుష్యములలో రెండు రాత్రులు గట్టిగా చలి వేయగానే చేతికందిన కట్టెలు, పిడకలు, ఊక లోపలికి దెచ్చి, తలుపులు బిగించి, నిప్పు పెట్టుకొని నిద్రింతురు. ఈ యలవాటు వలన దేశమున ప్రతి చలికాలమునందును కొన్ని కుటుంబములు తెల్లవారునప్పటికి లేవకయే పోవుచున్నవి. కావున ఈ విషయమును సభ్యులకు విశదపఱచుట మా విధియని తలంచి వ్రాయుచున్నాము.

మన చలి యెంతటిది?

డిసెంబరు, జనవరి నెలలలో మన యొద్ద తెల్లవారుజామున వేడిమి 15 డిగ్రీల ప్రాంతమునకు దిగుట సామాన్యము. ఉత్తరపు గాలి వీచి ఆకాశము నిర్మలముగా నున్న రాత్రులలో అంతకంటెను దిగును. మనకంటె ఎత్తున నున్న హైదరాబాదులో 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు నమోదైనది. ఆదిలాబాదు వైపున 5 డిగ్రీలకు దిగువకు పోయిన రాత్రులును గలవు. మంచు గురియు దేశములతో పోల్చిన మన చలి స్వల్పమే. కాని అచ్చటి యిండ్లు చలికై కట్టినవి, మనవి ఎండకై కట్టినవి. బయట 12 డిగ్రీలున్నప్పుడు మన రేకుల యింటిలో పరుండినవాడు పడు బాధ, బయట మంచున్నను వెచ్చని గదిలో పరుండినవాడు పడడు. మనుష్యునకు తగులునది ఊరి చలి గాదు, తాను పరుండిన చోటి చలి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో ప్రకటించిన సూచనలలో, చలికాలమున ఇంటిలోపల వేడిమి 18 డిగ్రీలకు తగ్గకుండుట క్షేమమని చెప్పియున్నది. ఆ సూచన చలిదేశములను ఉద్దేశించి చేసినదైనను కొలతగా మనకును పనికివచ్చును.

చలివలన చచ్చువారుందురా యని కొందఱు నవ్వుదురు. 2015లో లాన్సెట్ అను వైద్యపత్రికలో 13 దేశములకు చెందిన 7 కోట్ల 40 లక్షల మరణములను పరిశీలించిన వ్యాసము వెలువడినది. వానిలో నూటికి సుమారు 7.3 మరణములు చలికిని, నూటికి అర పాలైనను లేనివి వేడికిని సంబంధించినవని తేలినది. అందులోను అధికభాగము మిక్కుటమైన చలివలన గాక, సాధారణపు చలివలననే కలిగినవి. మన దేశము ఆ లెక్కలో చేరలేదు గాని థాయిలాండు, బ్రెజిలు వంటి వేడిదేశములు చేరియున్నవి. చలిలో చర్మమందలి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును, రక్తము చిక్కబడును. గుండెజబ్బు గలవారికిని, ముసలివారికిని తెల్లవారుజాము కష్టకాలమగుట కిదియే కారణము.

ఇల్లు చల్లబడు విధము

రాత్రివేళ ఇంటి వేడి ముఖ్యముగా పైకప్పునుండి పోవును. మేఘములు లేని రాత్రి కప్పు తన వేడిని ఆకాశమునకు విడిచిపెట్టుచుండును. పలుచని రేకు క్షణములలో చల్లబడి లోపలి వేడిని లాగివేయును. సిమెంటు కప్పు పగటియెండను పట్టి రాత్రి మొదటి జాములలో విడుచును గాని తెల్లవారునప్పటికి అదియు చల్లబడును. గడ్డికప్పులో లెక్కలేనన్ని గాలిగదులుండుటచేత వేడి కదలజాలదు. సిమెంటు కాంక్రీటు వేడిని గడ్డికంటె ఇరువది రెట్లకు తక్కువగాక సాగనంపును. మన తాతలు గడ్డియింటిలో ఒక గొంగడితో వెళ్లబుచ్చిన చలికి మనము డాబాలో రెండు కంబళ్లు కప్పుకొనుట వింత గాదు. నిప్పుభయముచేతను వానభయముచేతను గడ్డికప్పును విడిచితిమి. అది సరియైన పనియే. కాని ఆ కప్పు చేసిన మేలును మఱియొక విధమున సంపాదించుకొనవలెను.

ఇంకొక మార్పు గూడ జరిగినది. పూర్వము వంటపొయ్యి ఇంటిలోనే యుండి రాత్రివఱకు గోడలను వెచ్చచేయుచుండెడిది. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి గ్యాసు పొయ్యిలు పల్లెలకు చేరినవి. ఆడవారి కన్నులకును ఊపిరితిత్తులకును గొప్ప మేలు గలిగినది. అయితే పొయ్యి పోయినచోట చలికాలమున కుంపటి ప్రవేశించినది. పొగ కండ్లకు గనబడును గనుక పొయ్యికి భయపడెడివారము. కుంపటికి భయపడుట లేదు.

పొగలేని నిప్పే మిక్కిలి ప్రమాదము

మా తిరుగుడులో పలుచోట్ల వినుమాట యొకటి గలదు: "పొగ అంతా పోయినాకనే లోపల పెట్టుకుంటమండి, ఏం కాదు." ఈ మాటలోనే అపాయమున్నది. కట్టెగాని బొగ్గుగాని చాలినంత గాలి దొరకక కనలునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. ఎఱ్ఱగా కనలు బొగ్గులలో పొగ లేకున్నను ఈ వాయువు విశేషముగా నుండును. ఊపిరితో లోపలికి పోయి, ప్రాణవాయువును మోయు రక్తకణములను అది పట్టుకొనును. ప్రాణవాయువు పట్టుకొనుదానికంటె రెండువందల రెట్లకు మించిన గట్టితనముతో పట్టుకొనుటచేత ప్రాణవాయువునకు చోటుండదు. గదిగాలిలో ఈ వాయువు వేయింట ఒక పాలు చేరిన చాలును, కొన్ని గంటలలో ప్రాణము పోవును.

మేలుకొనియున్నవానికి తలనొప్పి, తల తిరుగుట, వాంతి, కాళ్లలో బలము లేకుండుట తెలియును. నిద్రించువానికి ఏమియు తెలియదు. గర్భములోని శిశువునకు తల్లికంటెను ఎక్కువ హాని.

మన ప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఊకను గూర్చి. మనవారు దీనిని ఉనుక యనుదురు. మిర్యాలగూడ మిల్లులకు బోవు వడ్లలో అయిదింట ఒకపాలు ఊకయే. కావున అది మనకు సులభముగా దొరకును. ఊక మండదు, కనలును. ఒకసారి రగిలించిన కుప్ప తెల్లవార్లు ఆరదు. ఈ గుణమును జూచియే ప్రజలు దానిని ఇష్టపడుదురు. ఈ గుణముచేతనే అది మూసిన గదిలో అన్నిటికంటె చెడ్డది. పత్తికట్టె, కందికట్టె బొగ్గులును ఇట్టివే. కుంపటిప్రక్క నీళ్లగిన్నె పెట్టిన విషము హరించునను మాటలో సత్యము లేదు. ఈ వాయువు నీటిలో కరుగునది గాదు.

కావున సూత్ర మొక్కటియే: నిప్పున్న గదిలో నిద్రింపరాదు. చలి కాచుకొనదలచిన వాకిటిలో నెగడు వేసికొని, కాచుకొని, నిప్పు బయటనే విడిచి లోపలికి పోవలెను. గ్యాసు పొయ్యిని గది వెచ్చదనమునకై వెలిగించుటయు కూడదు.

ఎవరైన ఇట్టి గదిలో స్మృతి తప్పినట్లు కనబడిన, ముందు తలుపులు కిటికీలు తెఱచి, ఊపిరి బిగబట్టి లోనికిపోయి వారిని బయటిగాలిలోనికి లాగవలెను. వెంటనే 108కి ఫోను చేసి, గదిలో నిప్పుండెనని తప్పక చెప్పవలెను. ఉత్తగాలిలో రక్తమందలి ఈ విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. ఆక్సిజను పెట్టినచో గంట, గంటన్నరలో సగమగును. తేరుకొనినను ఆసుపత్రికి తీసికొనిపోక మానరాదు.

గదిని గాదు, పడకను వెచ్చచేయుడు

పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తుగల గదిలోని గాలిని పది డిగ్రీలు వెచ్చచేయుటకు విద్యుత్తులో యూనిట్టునందు తొమ్మిదవ భాగము చాలును. అయినను హీటరు గంటలకొలది మండినను గది వెచ్చబడుట లేదేమి? ఆ వేడిని గోడలు, నేల, కప్పు త్రాగివేయుచుండుటచేత. కావున గదికి వేడి పోయుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది. నిద్రించు మనుష్యుని శరీరమునుండి 70, 80 వాట్ల వేడి యెడతెగక వెలువడుచుండును. నలుగురు పరుండిన గదిలో సుమారు 300 వాట్ల హీటరు ఖర్చులేక మండుచున్నట్లే. ఆ వేడిని పోనీయకుండుటయే మన పని.

నారుమడి విషయమున రైతు ఈ నీతినే పాటించుచున్నాడు. యాసంగి నారు చలికి ఎదుగక పసుపెక్కినప్పుడు మడిలో మనము నిప్పు పెట్టము. సాయంకాలము టార్పాలిను కప్పి ఉదయము తీసివేయుదుము, తెల్లవారి చల్లనినీరు తీసి కొత్తనీరు పెట్టుదుము. నారుకు చేసినదే యింటికిని చేయవలెను.

1. నులకమంచముపై పరుండువారికి చలి క్రిందినుండి తగులును. పైన రెండు కప్పుకొనుటకంటె క్రింద ఒక బొంత పఱచుట మేలు. బండలనేలపై పరుండువారు చాపక్రింద నాలుగంగుళముల వరిగడ్డి వేసికొనవలెను.

2. రేకుల క్రింద జానెడు సందు విడిచి తడికెగాని, గుడ్డగాని కట్టిన కప్పుచలి చాలవఱకు తగ్గును. ఇట్టి యింటిలో దీపము, పొయ్యి దూరముగా నుండవలెను.

3. డిసెంబరులో మనకు మధ్యాహ్నసూర్యుడు దక్షిణముగా వంగి సుమారు 50 డిగ్రీల యెత్తుననే యుండును. మే నెలలో నడినెత్తిపై నుండును. కావున దక్షిణపు కిటికీ చలికాలమున ఎండను లోనికిచ్చును, వేసవిలో ఇయ్యదు. దక్షిణద్వారము వలదనువారు కిటికీయైనను పెట్టుకొనవచ్చును. పగలు దానిని తెఱచి, ప్రొద్దు గ్రుంకకమునుపే మూయవలెను.

4. వేడినీటిని మూత గట్టిగానున్న సీసాలో పోసి గుడ్డచుట్టి కాళ్లయొద్ద నుంచుకొన్న ముసలివారికి సుఖనిద్ర పట్టును.

5. రెండువేల వాట్ల హీటరు సుమారు 9 ఆంపియర్ల విద్యుత్తు లాగును. దీపములకై పెట్టిన చిన్న సాకెట్టున దానిని తగిలింపరాదు. నీళ్లు కాచు రాడ్డును స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసినగాని నీటిలో వ్రేలు పెట్టరాదు.

పసిబిడ్డలు, కోడిపిల్లలు

క్రొత్తగా పుట్టిన శిశువు తన వేడిని తాను నిలుపుకొనజాలడు. వాని శరీరపువేడి 36.5 మొదలు 37.5 డిగ్రీల మధ్య నుండవలెను. పుట్టినవెంటనే పొడిగా తుడిచి తల్లిఱొమ్మునకు ఆనించి ఇద్దఱిపైన కప్పవలెను. తలకు టోపి పెట్టవలెను. మొదటి దినము స్నానము చేయింపరాదు. 1970ల తుదిని కొలంబియా దేశపు బొగోటాలో, తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు యంత్రములు చాలక వైద్యులు ఈ తల్లిఱొమ్ము పద్ధతి నవలంబించిరి. నేడు లోకమంతట దానిని మెచ్చుచున్నారు. పురిటిగదిలో కుంపటి పెట్టు ఆచారమును పెద్దలు దయచేసి మానుకొనవలెను. తల్లి వెచ్చదనమే బిడ్డకు కుంపటి.

కోళ్ల షెడ్లు గల సభ్యులకు ఒక మాట. కోడిపిల్లలకు మొదటి వారము 33 మొదలు 35 డిగ్రీల వేడి కావలెను. తరువాత వారమునకు సుమారు 3 డిగ్రీలు తగ్గింపవచ్చును. పిల్లలు ఒకచోట గుమిగూడిన చలి, దూరముగా చెదరిపోయిన వేడి అని తెలియునది. బొగ్గులపొయ్యితో షెడ్డు వెచ్చచేయువారు పైగాలి పోవుటకు దారి విడువవలెను, కాపలావాడు ఆ షెడ్డులో నిద్రింపరాదు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్కరు చేయలేనిది పదుగురు కూడి చేయుటకే సహకారసంఘ మున్నది. ప్రతి సంఘమును ఒక థర్మామీటరు కొని వంతులవారీగా సభ్యుల యిండ్లలో తెల్లవారుజామున నుంచి చూడవలెను. ఎవరి యింటిలో ముసలివారున్నారో, ఎవరి యింటిలో పురుడు రానున్నదో, ఎవరిది రేకుల యిల్లో సంఘసభ్యులకు తెలియును. అట్టివారికి దీపావళికి ముందే కంబళ్లు, గొంగళ్లు మొత్తముగా కొని వాయిదాలపై నిచ్చుట కష్టము గాదు. గొంగళ్లు నేయు కురుమ సోదరులకును పని దొరకును.

ఎరువు సకాలమున దెచ్చి యిచ్చిన సంఘము పంటను కాపాడినట్లే, కంబళి సకాలమున దెచ్చి యిచ్చిన సంఘము రైతునే కాపాడినదగును. ఈ పత్రిక చేరిన రాత్రియే సభ్యులు తమ యింటిలోను, ఇరుగుపొరుగు యిండ్లలోను కుంపటి ఎచ్చట నున్నదో చూచి, దానిని గడప బయట పెట్టింపవలెనని కోరుచున్నాము.