బొమ్మ బాగుంది... తలే తిరుగుతోంది!

కొత్త గేమ్ పెట్టుకుని పావుగంట ఆడేసరికి మీ అబ్బాయి తల తిరుగుతోందంటున్నాడా? వాంతి వచ్చేలా ఉందని పడుకుంటున్నాడా? ‘ఇంకా ఆడు’ అని కోప్పడే ముందు ఆ గేమ్ సెట్టింగ్స్ ఒకసారి చూడండి. చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

ఎందుకిలా?

ఘాట్‌రోడ్డులో బస్సెక్కితే కొందరికి వికారం వస్తుంది కదా. బస్సు మలుపులు తిరుగుతోందని లోపలి చెవి పసిగడుతుంది. సీట్లనే చూస్తున్న కళ్లకు మాత్రం ఏదీ కదిలినట్టు అనిపించదు. ఈ రెండూ పొసగక మెదడు తికమకపడుతుంది. గేమ్‌లో ఇది తిరగబడుతుంది. కళ్లు పరుగెడుతున్నామంటాయి, చెవి కూర్చునే ఉన్నామంటుంది. పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడే ఫస్ట్ పర్సన్ గేముల్లో, వీఆర్ హెడ్‌సెట్లతో ఈ బాధ ఎక్కువ.

ఏం మార్చాలి?

* మోషన్ బ్లర్, కెమెరా షేక్ ఆపేయండి.
* బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే గ్రాఫిక్స్‌ను ‘అల్ట్రా’ నుంచి ‘మీడియం’కు తగ్గించండి. మెరుగులు తగ్గినా కదలిక సాఫీగా ఉంటుంది.
* ఫీల్డ్ ఆఫ్ వ్యూ కాస్త పెంచితే కొందరికి హాయిగా ఉంటుంది.
* గదిలో లైటు వేసి, తెరకు దూరంగా కూర్చోబెట్టండి.
* వికారం మొదలవగానే ఆపించండి. వాంతుల మాత్ర వేసి మరీ ఆడనివ్వొద్దు.

గ్రాఫిక్స్ తగ్గిస్తే సరదా పోతుందని పిల్లలు మారాం చేయొచ్చు. 1984లో పుట్టిన టెట్రిస్‌లో ఉన్నవి రాలిపడే ముక్కలే. 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడైన మైన్‌క్రాఫ్ట్‌లోనూ అన్నీ చదరపు దిమ్మెలే. ఆట రక్తికట్టడానికి తళుకులే అక్కర్లేదు.

మెరుపులతో జాగ్రత్త

వికారం ఆట ఆపితే తగ్గుతుంది. వెలిగి ఆరే మెరుపుల సంగతి వేరు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టీవీలో వచ్చిన పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు సుమారు 12 సార్లు మార్చి మార్చి మెరిశాయి. 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి ఫిట్స్ కూడా వచ్చాయి. గేముల మొదట్లో కనిపించే హెచ్చరిక ఇందుకే. దాన్ని చదవకుండా దాటేయొద్దు. మెరుపులకు పిల్లవాడు ఉలిక్కిపడుతున్నా, చూపు చెదురుతోందన్నా వెంటనే ఒక కన్ను అరచేత్తో మూసి, తెర నుంచి పక్కకు తిప్పండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. ముందే ఫిట్స్ ఉన్న పిల్లలైతే ఏ గేములు ఆడొచ్చో వైద్యులను అడగండి. ఆడని రోజుల్లోనూ తలనొప్పి, పొద్దున్నే వాంతులు ఉంటే అది గేమ్ వల్లేనని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.