పిత్తాశయము - దాని వింత రూపములు

భోజనానంతరము కుడిప్రక్కటెముకల క్రింద నొప్పి పుట్టి, వాంతులైనచో, అజీర్ణమని తలచి శొంఠికషాయముతో సరిపెట్టుకొను గృహిణులు మన గోదావరి మండలములలో ననేకులు గలరు. అందు కొందరికి బాధ పిత్తాశయములోని రాళ్లవలన గలుగుచున్నది. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే యెక్కువ. గర్భధారణము, స్థూలకాయము దీనికి దోహదములు. కావున నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కాలేయమున పుట్టిన పిత్తరసము ప్రధాననాళము గుండ ప్రేగులోనికి పోవును. ఆ నాళమునుండి చీలిన చిన్ననాళము చివర నుండు సంచియే పిత్తాశయము. ధవళేశ్వరము కడ చీలిన కాలువలు మనకు క్రొత్తవి కావు. పిల్లకాలువను కట్టబోయి పెద్దకాలువను కట్టినచో క్రిందిపొలముల గతి యేమగునో చెప్పనేల? శస్త్రవైద్యునకును గండ మిదియే.

పిత్తాశయమును తొలిసారి కోసి తీసినవాడు కార్ల్ లాంగెన్‌బుక్. 1882లో, బెర్లిను నగరమున. చిన్నరంధ్రములగుండ తీయు పద్ధతిని 1985లో జర్మనీయుడగు ఎరిక్ మ్యూహె ప్రారంభించెను. మన దేశమున 1990లో బొంబాయిలో టెహెమ్టన్ ఉద్వాడియాగారు దానిని నెలకొల్పిరి. నేడు కాకినాడ, రాజమహేంద్రవరములందును లాపరోస్కోపీ సామాన్యమైనది.

అయితే అందరి కడుపులోని నిర్మాణము నొక్కటి కాదు. కొందరికి పిత్తాశయపు కొన టోపీవలె మడతపడి యుండును. దానివలన హాని లేదు. సుమారు నాలుగువేలమందిలో నొకరికి రెండు పిత్తాశయములుండును. ఒకటి తీసి రెండవది విడిచినచో నొప్పి మరల రావచ్చును. అరుదుగా నది యెడమప్రక్క నుండును. మఱికొందరికి పుట్టుకతోనే యుండదు. స్కానింగులో ముడుచుకొన్నట్లు భ్రమ గొలుపును. అట్టిచో వెదకి వెదకి నాళములను గాయపరచుటకంటె ఆపివేసి, ఎం.ఆర్.ఐ. పరీక్షచే నాళములను జూచుట మేలు. కాలేయమునకు పోవు రక్తనాళము గొంగళిపురుగువలె వంగి పిత్తాశయము నంటియుండుటయు గలదు. దానిని పొరపాటున కోసినచో రక్తస్రావమగును.

అందుకే 1995లో స్ట్రాస్‌బర్గు అను అమెరికా వైద్యుడును, ఆయన సహచరులును ఒక నియమమును వివరించిరి. కొవ్వును తొలగించి, సంచి క్రిందిభాగమును కాలేయమునుండి విడదీసి, దానిలోనికి ఒక నాళము, ఒక రక్తనాళము మాత్రమే పోవుచున్నవని చక్కగా చూచినగాని దేనిని కత్తిరింపరాదు. అట్లు కనబడనిచో వైద్యుడు సంచిలో కొంతభాగమును విడిచిపెట్టవచ్చును, లేక పొట్ట తెరచి చేయవచ్చును. "చిన్న రంధ్రములని చెప్పి పెద్దకోత పెట్టినారే!" యని బంధువులు నిష్ఠురమాడుట తగదు. అది యోటమి కాదు, జాగ్రత్త.

ప్రధాననాళమునకు గాయము వేయిమందిలో ఏ కొద్దిమందికో గలుగును. ఇంటికి వచ్చిన పిమ్మట కన్నులు పచ్చబడినను, జ్వరము వచ్చినను, నొప్పి తగ్గుటకు మారుగా పెరిగినను, కడుపు ఉబ్బినను, కామెర్లకు పసరు పోయింపక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆపరేషనుకు ముందు పాతస్కానింగు కాగితములన్నియు వైద్యునకు చూపవలెను. తరువాత వారిచ్చు పత్రమును పెట్టెలో భద్రపరచుకొనవలెను. మరల నొప్పి వచ్చిననాడు లోపల నేమి కనబడినదో, ఏమి మిగిలినదో క్రొత్తవైద్యునకు తెలుపునది ఆ పత్రమే.