బండి నడిపేదెవరు?
లారీ ఇంజను వారంటీ తగాదాలో ముందుగా తేలాల్సింది ఇదే

కోయంబత్తూరు: "ఇంజను పట్టేసినప్పుడు కూడా ఇంత భయం పుట్టలేదు తంబీ. వాళ్లిచ్చిన కాగితం చదివినాక పుట్టింది" అంటారాయన. ఉండేది సింగానల్లూరులో. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదువుకున్నది, సంతకం పెట్టేది తమిళంలోనే. ఉన్నది ఒక్కటే లారీ, నడిపేదీ ఆయనే. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయొద్దన్నారు.

కోయంబత్తూరులో మోటారు పంపులు ఎత్తుకుని విజయవాడకు వస్తున్నారు. నాయుడుపేట దాటాక ఆయిల్ లైటు వెలిగింది. బండి పక్కకు తీసి ఆపే లోపలే ఇంజను బిగుసుకుపోయింది. లారీ కొని 14 నెలలు. వారంటీ ఇంకా ఉంది. కంపెనీ వర్క్‌షాపుకు బండిని లాగించుకుపోయారు. పది రోజుల తర్వాత జవాబొచ్చింది. ఆయిల్ మార్పు 1,800 కిలోమీటర్లు ఆలస్యమైందట, పైగా బయటి ఆయిల్ పోశారట. కాబట్టి వారంటీ వర్తించదు. రిపేరుకు అంచనా 4 లక్షల పైమాటే. బండి కదలకపోయినా ఫైనాన్సు వాయిదా మాత్రం నెలనెలా తప్పదు.

"వకీలు దగ్గరికి పోతే ఆయన ఇంజను సంగతే అడగలేదు. 'బండి ఎవరు నడుపుతారు?' అన్నారు. నేనే అన్నాను. 'అయితే కూర్చోండి' అన్నారు."

ఇంజను పోతే డ్రైవరెవరో ఎందుకు? కన్జ్యూమర్ కోర్టు తలుపు తెరుచుకునేది ఆ జవాబు మీదే. వినియోగదారుల చట్టం వ్యాపారం కోసం సరుకు కొన్నవాణ్ణి వినియోగదారుడిగా లెక్కించదు. లారీ అంటేనే వ్యాపారం కదా అని కంపెనీ వకీలు మొదటి వాయిదాలోనే లేస్తాడు. దానికి జవాబు సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. విచిత్రమేమిటంటే, ఆ కేసు పుట్టింది సింగానల్లూరుకు పక్కనే ఉన్న పీలమేడు యంత్రంతో.

పీలమేడు నుంచి ఢిల్లీకి

కోయంబత్తూరు తెలుగువాళ్లకు పీలమేడు గురించి చెప్పక్కర్లేదు. పి.ఎస్.గోవిందస్వామి నాయుడు నలుగురు కొడుకులు ఆస్తి పంచుకునేటప్పుడు ధర్మానికి కూడా ఒక వాటా పెట్టి 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థను ప్రారంభించారు. ఆ నీడలో పెరిగిన పి.ఎస్.జి. ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ యంత్రాలు తయారుచేసి అమ్మేది. 1990లో మహారాష్ట్రలోని లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ అనే చిన్న పరిశ్రమ ఆ సంస్థకు ఒక కంప్యూటర్ లేత్ యంత్రం ఆర్డరిచ్చింది. యంత్రం ఆలస్యంగా వచ్చింది, వచ్చినదాంట్లోనూ లోపాలున్నాయని కొన్నవాళ్లు ఫిర్యాదు చేశారు. మహారాష్ట్ర రాష్ట్ర కమిషన్ 2.48 లక్షల రూపాయలు ఇప్పించింది. అప్పీలులో జాతీయ కమిషన్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. వ్యాపారానికి కొన్న యంత్రం కాబట్టి వాళ్లు వినియోగదారులు కారన్నది.

1995 ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే ఖాయం చేసింది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. కొన్నవాళ్లు ఓడిపోయారు. కానీ ఆ తీర్పులోనే ఎవరు వినియోగదారుడో, ఎవరు కాదో ఉదాహరణలతో విడమరిచారు. లారీ కొని సరుకు రవాణాకు తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడే. ఆటో కొని తానే తోలుకునేవాడు, లేత్ కొని తానే పనిచేసుకునేవాడు కూడా అంతే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన హక్కు పోదు. కొని పూర్తిగా వేరేవాళ్ల చేత నడిపిస్తే మాత్రం వినియోగదారుడు కాడు.

అంటే బండి ఖరీదు ఒక్కటే కొలత కాదు. స్టీరింగు ఎవరి చేతిలో ఉందన్నది చూస్తారు.

ఈ ఊరి చరిత్రతోనే చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. జి.డి.నాయుడు 1920లో ఒక్క బస్సు కొని పొళ్లాచ్చి, పళని మధ్య తానే నడిపారు. ఇవాళ్టి చట్టం అప్పుడుంటే ఆనాటి నాయుడుగారు అచ్చమైన వినియోగదారుడు. తర్వాత యు.ఎం.ఎస్. పేరుతో ఎన్నో బస్సులు తిప్పిన నాయుడుగారికి ఆ తలుపు మూసుకుపోయేది!

రుజువు బరువు ఎవరిది?

నేనే నడుపుతున్నానని నోటితో చెబితే చాలదు. అయితే 2024 మే 10న ఒక చిట్‌ఫండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట చిన్న యజమానులకు ఊరట. వ్యాపారం కోసమే తీసుకున్నారని ముందు రుజువు చేయాల్సింది ఎదుటి పక్షమే. వాళ్లు రుజువు చేస్తేనే, ఇది నా బతుకుతెరువు అని చూపించే బరువు ఫిర్యాదుదారు మీదికి వస్తుంది.

సింగానల్లూరు యజమాని ఆ అవసరం రాకముందే అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఆయన హెవీ లైసెన్సు, ఒకే బండి ఉన్నట్టు ఆర్‌సీ, ట్రిప్ షీట్లు, ఫాస్టాగ్ లెక్కలు, లోడు ఇచ్చిన ఏజెంట్ల రసీదులు, ఆదాయపు పన్ను రిటర్ను, అన్నీ ఒక కట్ట కట్టారు. "ట్రిప్ షీటులో నా సంతకం ఉండాది. అదే నన్ను కాపాడుతుందని వకీలు చెప్పినారు" అంటూ ప్లాస్టిక్ సంచి విప్పి చూపించారు.

ఇంజను విప్పకముందే...

తలుపు తెరుచుకున్నాక అసలు తగాదా మొదలవుతుంది. ఇంజను ఎందుకు పోయింది? కంపెనీలు చెప్పే కారణాలు దాదాపు ఒకటే వరస. సర్వీసు ఆలస్యం, బయటి ఆయిల్, వేడెక్కినా నడపడం, ఎక్కువ లోడు, కల్తీ డీజిలు. వీటిలో నిజమైనవీ ఉంటాయి. ఆయిల్ లైటు వెలిగాక 'డాబా దాకా పోదాంలే' అని పది కిలోమీటర్లు లాగిస్తే బేరింగులు అరిగిపోవడానికి కంపెనీ ఏం చేస్తుంది? ఆ మాట యజమానులు కూడా ఒప్పుకోవాల్సిందే.

ఆలస్యం ఉన్నంత మాత్రాన ఆ ఆలస్యం వల్లనే ఇంజను పోయిందని చెప్పలేం. ఆయిల్ పంపు విరిగినా ఇంజను పట్టేస్తుంది. ఆయిల్ జిగటగా మారి దారులు మూసుకుపోయినా పట్టేస్తుంది. మొదటిది భాగంలో లోపం కావచ్చు, రెండోది నిర్వహణ లోపం కావచ్చు. ఏది జరిగిందో విప్పిన భాగాలే చెప్పాలి. విప్పేశాక, కడిగేశాక, తుక్కులో వేశాక చెప్పేదెవరు?

"నేను లేనిది విప్పొద్దని రాసిచ్చినాను తంబీ. వాళ్లకు కోపం వచ్చింది. అయినా రాసిచ్చినాను" అన్నారాయన. విప్పే రోజు ఇంకో మెకానిక్కును వెంట తీసుకెళ్లారు. ప్రతి భాగానికీ ఫోటో తీశారు. సంపులోని ఆయిల్ రెండు సీసాల్లో పట్టి, మూతల మీద తేదీ వేసి, ఇద్దరి చేత సంతకం పెట్టించారు. ఒక సీసా వాళ్ల దగ్గర, ఒకటి ఆయన దగ్గర.

ఇంకో సాక్షి ఇంజనులోని కంప్యూటరు. ఇప్పటి బండ్లలో వార్నింగు ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఇంజను వేగమెంత, ఆ తర్వాత ఎంతసేపు తిరిగింది వంటివి చాలావరకు అందులో నమోదవుతాయి. ఆ ప్రింటు ఇవ్వమంటే వర్క్‌షాపువాళ్లు ఇవ్వలేదు. అలాంటప్పుడు పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. పరీక్ష చేయనిదే లోపం తేలదనుకుంటే భాగాలను తగిన ప్రయోగశాలకు పంపే అధికారమూ ఉంది. ఆ ఖర్చు మాత్రం ముందు ఫిర్యాదుదారే కట్టాలి.

ఇక 'బయటి ఆయిల్' సంగతి. కంపెనీ చెప్పిన రకం ఆయిలే సేలం దగ్గర ఒక షాపులో పోయించానని ఆయనంటారు. బిల్లు పోయింది. మూడుసార్లు తిరిగి, షాపువాళ్ల పాత బిల్లు పుస్తకంలోని కార్బన్ కాపీకి నకలు తీయించుకొచ్చారు. ఇప్పుడు కేసంతా ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉంది.

మదురైలో ఇంకో మాట

ఇదే సంగతి మదురైలో కదిలిస్తే ఇంకో కోణం బయటపడింది. తిరుమల నాయకుడి కాలం (1623-1659) కంటే ముందు నుంచే తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊరు అది. మాట్టుతావణి మార్కెట్టు దగ్గర అయిదు లారీలున్న తెలుగు యజమాని ఒకరు ఎదురుపడ్డారు. "అన్నా, మీ ఇంజను పోతే?" అని అడిగితే నవ్వారు. "మాకు కన్జ్యూమర్ కోర్టు లేదు కదా! అయిదుగురు డ్రైవర్లకు జీతమిచ్చేవాడు పెద్దమనిషంట. ఆ పెద్దమనిషికి అయిదు వాయిదాలుండేది ఎవురికి తెలుసు?"

ఆయన బాధలో న్యాయముంది. కానీ దారి పూర్తిగా మూసుకుపోలేదు. సివిల్ కోర్టుకు పోవచ్చు. సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది. దావా విలువ 3 లక్షలకు తగ్గకపోతే వాణిజ్య కోర్టు చట్టం కిందికి వస్తుంది. అత్యవసర ఉత్తర్వు కోరితే తప్ప అక్కడ ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. పీలమేడు కేసులో ఓడిన లక్ష్మీ ఇంజనీరింగ్‌కు కూడా సుప్రీంకోర్టు ఆ దారి వదిలింది. సివిల్ దావా వేస్తే, వినియోగదారుల కమిషన్లలో గడిచిన కాలాన్ని గడువులోంచి మినహాయించమని అడగవచ్చన్నది.

ఎక్కడ వేయాలి? ఏమొస్తుంది?

2019 చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చాక పెద్ద మార్పు ఒకటి జరిగింది. ఫిర్యాదుదారు తానున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు. బండి హోసూరులో కొన్నా, నాయుడుపేటలో ఆగినా, సింగానల్లూరువాసి కోయంబత్తూరు జిల్లా కమిషన్‌కు పోవచ్చు. చిత్తూరు, నెల్లూరు లారీ యజమానులకూ ఇదే వర్తిస్తుంది. బండికి చెల్లించిన ధర 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్, అది దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. తమిళనాడు రాష్ట్ర కమిషన్‌కు మదురైలో బెంచి ఉంది కాబట్టి దక్షిణాది జిల్లాలవాళ్లు ప్రతిదానికీ చెన్నై పరుగెత్తక్కర్లేదు.

ఆశ ఎంత పెట్టుకోవాలో కూడా తెలిసి ఉండాలి. వారంటీ కాగితంలో లోపమున్న భాగం బాగుచేయడం, మార్చడం అని మాత్రమే ఉంటే కొత్త బండి ఇమ్మనలేరని 2006లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డీలరు చేసిన తప్పుకు ప్రతిసారీ తయారీదారు బాధ్యుడు కాడని 2021లో ఇంకో కేసులో చెప్పింది. అందుకే ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, ఎవరి తప్పు ఏమిటో విడివిడిగా రాయాలి. ఇన్సూరెన్సు ఉంది కదా అనుకుంటే పొరపాటే. మామూలు మోటారు పాలసీ యాంత్రిక వైఫల్యానికి పైసా ఇవ్వదు.

పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో, లేకపోతే మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. సింగానల్లూరు యజమాని ఆ సంగతి తెలిసే దిగారు. ఇప్పుడాయన ఇంకొకరి లారీకి డ్రైవరు. వచ్చే జీతంలో సగానికి పైగా కదలని బండి వాయిదాకే పోతోంది. "నా బండి నేను నడుపుకుంటానని కోర్టులో రాసిచ్చినాను. అది మళ్లీ నిజం కావాల" అన్నారు, లోడు టైమైందని లేస్తూ.

గుర్తుంచుకోండి

* వారంటీ కుదరదన్న మాట కాగితం మీద, కారణాలతో తీసుకోండి. నోటిమాట పనికిరాదు.
* మీరు లేకుండా ఇంజను విప్పొద్దని ముందే రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. విప్పిన భాగాలను తుక్కుకు వదలొద్దు.
* జాబ్ కార్డులు, ఆయిల్, ఫిల్టర్ బిల్లులు ఫోటో తీసి పెట్టుకోండి. బిల్లు మీద కిలోమీటర్లు రాయించండి.
* గడువు రెండేళ్లు. ఇంజను పోయిన రోజు నుంచే లెక్కపెట్టుకుంటే మంచిది.
* చెల్లించిన ధర 5 లక్షల వరకు ఫీజు లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు.
* కేసుకు ముందు సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.