శ్వేతసౌధానికి ఎవరు తగినవారు? అట్లాంటిక్‌కు ఇరువైపులా తెగని తగవు

అది 2004 అక్టోబరు. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు మూడు వారాల గడువు మాత్రమే మిగిలి ఉంది. లండన్ నుంచి వెలువడే 'గార్డియన్' దినపత్రిక ఒహాయో రాష్ట్రంలోని క్లార్క్ కౌంటీ ఓటర్ల జాబితాను 25 డాలర్లు చెల్లించి కొనుగోలు చేసింది. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా వంటిది. ఆ జాబితా నుంచి ఏ పార్టీకీ చెందనివారి పేర్లు, చిరునామాలు ఏరి, కోరిన పాఠకులకు ఒక్కొక్కటి చొప్పున పంచిపెట్టింది. ప్రపంచ భవితవ్యం మీ ఓటుపై ఆధారపడి ఉందన్న సంగతిని ఆ అపరిచిత ఓటరుకు మర్యాదగా ఉత్తరం రాసి తెలియజేయవలసిందిగా సూచించింది. జార్జి బుష్ రెండోసారి గెలవరాదన్నది ఆ పత్రిక పాఠకుల్లో అత్యధికుల ఆకాంక్ష. 14 వేల మందికి పైగా చిరునామాలు తీసుకున్నారు. నవలా రచయిత జాన్ లె కారే, శాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ వంటి ప్రముఖులు తామే లేఖలు రాసి పాఠకులకు దారి చూపారు.

పిలవని పేరంటానికి వెళ్లినవారికి ఎదురయ్యే ఆదరణే ఆ లేఖలకూ లభించింది. స్వాతంత్ర్య యుద్ధం చేసి వదిలించుకున్నవారి వారసులు ఇప్పుడు తమకు పాఠాలు చెప్పడమేమిటని కొందరు అమెరికన్లు మండిపడ్డారు. బ్రిటిష్ వారి పళ్ల వరుసను సైతం ఎగతాళి చేస్తూ మరికొందరు జవాబులు పంపారు. బుష్ ప్రత్యర్థి జాన్ కెర్రీని బలపరిచే డెమొక్రాట్లే ఈ సహాయం తమకు వద్దని మొరపెట్టుకున్నారు. కొద్ది రోజులకే పత్రిక ఆ ప్రయత్నాన్ని విరమించుకుంది.

ఇక ఫలితం. 2000 ఎన్నికల్లో క్లార్క్ కౌంటీలో డెమొక్రాట్ అభ్యర్థి అల్ గోర్ 324 ఓట్ల ఆధిక్యం సాధించారు. 2004లో అదే కౌంటీని బుష్ 1,406 ఓట్ల ఆధిక్యంతో గెలుచుకున్నారు. ఒహాయోలో గోర్ గెలిచిన కౌంటీలలో ఆ ఏడాది బుష్ వైపు మొగ్గింది ఇదొక్కటే. ఒహాయోకు ఉన్న 20 ఎలక్టోరల్ ఓట్లే బుష్‌ను మళ్లీ అధ్యక్ష పీఠంపై కూర్చోబెట్టాయి. అయితే లేఖల వల్లనే ఈ మార్పు సంభవించిందనడం తొందరపాటవుతుంది. ఒహాయోలో రిపబ్లికన్లు ఊరూరా కార్యకర్తలను మోహరించారు. స్వలింగ వివాహాల నిషేధంపై ప్రజాభిప్రాయ సేకరణ కూడా అదే రోజు జరగడంతో సంప్రదాయవాదులు పెద్ద సంఖ్యలో పోలింగ్ కేంద్రాలకు తరలివచ్చారు. లేఖలు ఒక్క ఓటునైనా కెర్రీ వైపు తిప్పాయనడానికి మాత్రం దాఖలా కనిపించదు.

(క్లార్క్ కౌంటీ కేంద్రం స్ప్రింగ్‌ఫీల్డ్. హైతీ నుంచి వలస వచ్చినవారు పెంపుడు జంతువులను తినేస్తున్నారని 2024 సెప్టెంబరులో టీవీ చర్చావేదికపై డొనాల్డ్ ట్రంప్ ఆధారం లేని ఆరోపణ చేసింది ఈ పట్టణం గురించే. ఆ నవంబరులోనూ కౌంటీ ట్రంప్‌కే భారీ ఆధిక్యం కట్టబెట్టింది.)

2004 నవంబరు 4న లండన్ పత్రిక 'డైలీ మిర్రర్' బుష్ చిత్రాన్ని మొదటి పుటలో ముద్రించి, 5,90,54,087 మంది ఇంత మూఢులు ఎలా కాగలరని నిలదీసింది. ఆ పత్రిక పాఠకులు ఆరు నెలల తర్వాత చేసిందేమిటి? ఇరాక్ యుద్ధంలో బుష్‌కు కుడిభుజంగా నిలిచిన టోనీ బ్లెయిర్ పార్టీకే 2005 మే 5న బ్రిటిష్ ఓటర్లు మూడోసారి అధికారం అప్పగించారు. ఆధిక్యం తగ్గించారు, నిజమే. అయినా అదే యుద్ధానికి బాధ్యుడైన నేతను తాము ఎన్నుకుంటే విజ్ఞత, ఒహాయో ఓటరు ఎన్నుకుంటే మూఢత్వం ఎలా అవుతుందన్న ప్రశ్నకు లండన్ పత్రికల నుంచి సంతృప్తికరమైన సమాధానం రాలేదు.

ఒక్క ఉత్తరం, పోయిన పదవి

ఇటువంటి ఉదంతం అంతకు 116 ఏళ్ల ముందే చోటు చేసుకుంది. 1888లో అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ రెండోసారి పోటీలో ఉన్నారు. వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబారి శాక్‌విల్ వెస్ట్‌కు కాలిఫోర్నియా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తాను ఇంగ్లండులో పుట్టి అమెరికా పౌరసత్వం పొందిన మర్చిసన్‌నని, మాతృదేశానికి మేలు జరగాలంటే ఎవరికి ఓటు వేయాలో సెలవియ్యాలని అందులో ఉంది. రాయబారి అమాయకంగా జవాబు రాశారు. క్లీవ్‌లాండ్ కొనసాగితేనే బ్రిటన్‌కు అనుకూలమన్న భావం అందులో వ్యక్తమైంది. నిజానికి ఆ మర్చిసన్ కల్పిత వ్యక్తి. ఉత్తరం రాసినది ఒక రిపబ్లికన్. సరిగ్గా పోలింగ్‌కు ముందు రాయబారి జవాబు పత్రికల్లోకి ఎక్కింది.

బ్రిటన్ పేరు వింటేనే మండిపడే ఐరిష్ సంతతి ఓటర్లు న్యూయార్క్‌లో లక్షల్లో ఉన్నారు. క్లీవ్‌లాండ్ ఆ రాయబారిని దేశం నుంచి పంపివేశారు. అయినా ఫలితం దక్కలేదు. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా సొంత రాష్ట్రమైన న్యూయార్క్‌ను స్వల్ప తేడాతో కోల్పోయి ఆయన గద్దె దిగవలసి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ గెలిచారు, అది వేరే కథ. దౌత్యవేత్త ఆతిథ్య దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో తలదూర్చరాదన్న నియమం 1961 నాటి వియన్నా ఒప్పందంలోని 41వ అధికరణంగా నేడు అక్షరరూపంలో ఉంది.

కొలబద్దలే వేరు

అభ్యర్థుల అర్హతపై ఇరు తీరాల మధ్య ఇంత అభిప్రాయ భేదం ఎందుకు? ఐరోపా వారి అహంకారమని అమెరికన్లు, అమెరికన్ల అజ్ఞానమని ఐరోపా వారు సరిపెట్టుకుంటారు. అసలు కారణం రాజ్యాంగ వ్యవస్థల నిర్మాణంలో ఉంది.

బ్రిటన్, జర్మనీ వంటి దేశాల్లో ప్రధాని లేదా చాన్స్‌లర్ కాదలచిన వ్యక్తి సాధారణంగా ఏళ్ల తరబడి చట్టసభలో, మంత్రివర్గంలో సహచరుల కళ్ల ముందు మెలగాలి. వాదనలో తడబడితే, శాఖను నడపలేకపోతే వారే ముందుగా పసిగడతారు. పీఠమెక్కాక పనికిరారని తేలినా దింపడం కష్టం కాదు. 1979 మార్చి 28న బ్రిటిష్ ప్రధాని కలాహన్ ప్రభుత్వం 311-310తో, ఒకే ఒక్క ఓటు తేడాతో సభ విశ్వాసం కోల్పోయింది. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటుతో పడిపోవడం చూసిన మనకు ఆ పద్ధతి కొత్తది కాదు. 1990లో థాచర్‌ను, 2022లో బోరిస్ జాన్సన్‌ను సొంత పార్టీవారే సాగనంపారు. లిజ్ ట్రస్ 49 రోజులకే పదవి వీడారు.

అమెరికాలో పద్ధతి ఇందుకు భిన్నం. అధ్యక్షుడు పుట్టుకతో పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి, 14 ఏళ్లు దేశంలో నివసించి ఉండాలి. రాజ్యాంగం విధించిన అర్హతలు ఇంతే. చదువు, పాలనానుభవం, వైద్య పరీక్ష ఏవీ అక్కర్లేదు. పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసేది సహచర నేతలు కాదు, ప్రైమరీ ఎన్నికల్లో ఓటు వేసే లక్షలాది సామాన్యులు. అందుకే ఏ ప్రభుత్వ పదవీ చేపట్టని ట్రంప్ 2016లో నేరుగా అధ్యక్షుడు కాగలిగారు. గెలిచినవారికి నాలుగేళ్లు గ్యారంటీ. అభిశంసనకు ప్రతినిధుల సభలో సాధారణ మెజారిటీ చాలినా, పదవి నుంచి తొలగించాలంటే సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు తప్పనిసరి. 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్ అభిశంసనకు గురయ్యారు. సెనేట్ ఎవ్వరినీ దోషిగా తేల్చలేదు.

1967లో అమల్లోకి వచ్చిన 25వ సవరణ మరో మార్గం చూపింది. అధ్యక్షుడు విధులు నిర్వర్తించలేని స్థితిలో ఉన్నారని ఉపాధ్యక్షుడు, మంత్రివర్గంలో మెజారిటీ సభ్యులు కాంగ్రెస్‌కు లిఖితపూర్వకంగా తెలపవచ్చు. అధ్యక్షుడు కాదంటే ఉభయ సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అంటే అభిశంసన కంటే కఠినం. ఈ నిబంధనను ఇంతవరకు ఒక్కసారీ ప్రయోగించలేదు. 2024 జూన్ 27 టీవీ చర్చలో జో బైడెన్ తడబాటు ప్రపంచమంతా చూసింది. జులై 21న ఆయన పోటీ నుంచి తప్పుకొన్నారు. అధ్యక్షుడిగా మాత్రం 2025 జనవరి 20 వరకు కొనసాగారు. ప్రచారానికి చాలని వ్యక్తి పాలనకు ఎలా చాలుతారని ఐరోపాలో విస్మయం వ్యక్తమైంది. ఆ వ్యవస్థలో పోటీ వేరు, పదవి వేరు.

కాబట్టి పీఠమెక్కే ముందే వడపోత జరగాలని కోరేవారికి అమెరికా పద్ధతి జూదంలా కనిపిస్తుంది. అమెరికన్ల ఎదురు వాదననూ తేలిగ్గా కొట్టిపారేయలేం. ట్రస్‌ను ప్రధాని చేసినది బ్రిటిష్ ప్రజలు కాదు, కన్సర్వేటివ్ పార్టీ సభ్యులు మాత్రమే. జనం ఓటు లేకుండా వచ్చి, జనం ఓటు లేకుండా వెళ్లారు. అంత వడపోత సాగినా ఆమె నిలిచింది ఏడు వారాలే.

వ్యక్తిగత శీలం విషయంలో పాత్రలు తారుమారవుతాయి. క్లింటన్-లెవిన్‌స్కీ ఉదంతంపై అమెరికా అట్టుడికిపోతుండగా, ఇది పడకగదికి సంబంధించిన విషయమేగా అని ఫ్రాన్స్ నివ్వెరపోయింది. ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు మిత్తరాండ్ అంత్యక్రియలకు 1996లో ఆయన భార్య, వివాహేతర బంధం వల్ల కలిగిన కుమార్తె ఇరువురూ హాజరయ్యారు. అక్కడ ఎవరూ రాద్ధాంతం చేయలేదు. అమెరికా ప్రతినిధుల సభ మోపిన అభియోగాలు మాత్రం ప్రమాణం చేసి అబద్ధమాడడం, న్యాయ ప్రక్రియకు అడ్డుపడడం. అనేకమంది ఐరోపా వ్యాఖ్యాతలు ఈ తేడాను దాటవేశారు.

ఐరోపా తీర్పు శాశ్వతం కూడా కాదు. కాలిఫోర్నియా గవర్నరుగా ఎనిమిదేళ్లు పనిచేసిన రొనాల్డ్ రీగన్‌ను అక్కడివారు సినిమా నటుడిగానే లెక్కగట్టారు. అమెరికా అణు క్షిపణుల మోహరింపునకు వ్యతిరేకంగా 1983 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. నాలుగేళ్లకు, 1987 డిసెంబరులో, ఆ తరగతి క్షిపణులన్నింటినీ రద్దుచేసే ఒప్పందంపై గోర్బచెవ్‌తో కలిసి సంతకం చేసింది ఆయనే. 2011లో లండన్ నడిబొడ్డున రీగన్ విగ్రహం వెలిసింది. తొలి అంచనా తప్పని దీని అర్థం కాకపోవచ్చు. నాయకుడి విధానం నచ్చకపోవడం, నాయకుడు అనర్హుడు కావడం వేర్వేరు సంగతులు. ఆగ్రహంలో ఉన్నప్పుడు రెండూ ఒకటిగా కలిసిపోతాయి.

అటు నుంచి ఇటు

సలహాల రాకపోకలు ఒకే దిశలో సాగలేదు. 2016 ఏప్రిల్‌లో లండన్ వచ్చిన ఒబామా, ఐరోపా సమాఖ్యను వీడితే వాణిజ్య ఒప్పందం కోసం బ్రిటన్ వరుసలో చివర నిలబడవలసి వస్తుందని హెచ్చరించారు. జూన్ 23న 51.9 శాతం మంది వీడడానికే ఓటు వేశారు. 2025 ఫిబ్రవరి 14న మ్యూనిక్ సదస్సులో అమెరికా ఉపాధ్యక్షుడు జె.డి.వాన్స్ ఐరోపా నేతలు సొంత ప్రజలకే భయపడుతున్నారని దుయ్యబట్టారు. (ఆయన సతీమణి ఉష పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కావడం 2024లో మన పత్రికల్లో ప్రముఖ వార్త.) అదీ జర్మనీ ఎన్నికలకు తొమ్మిది రోజుల ముందు. మా ప్రజాస్వామ్యంలో బయటివారి జోక్యం తగదని చాన్స్‌లర్ షోల్జ్ ఖండించారు. 2004లో స్ప్రింగ్‌ఫీల్డ్ వాసులు లండన్‌కు చెప్పింది కూడా ఇదే.

ట్రంప్ విషయంలో బ్రిటన్ తన అభిప్రాయాన్ని పార్లమెంటు దాకా తీసుకువెళ్లింది. ముస్లింల ప్రవేశాన్ని నిషేధించాలన్న ఆయన ప్రకటనకు నిరసనగా, ఆయననే బ్రిటన్‌లోకి రానివ్వరాదంటూ 5 లక్షల 70 వేల మందికి పైగా సంతకాలు చేశారు. 2016 జనవరి 18న ఎంపీలు మూడు గంటలు చర్చించారు. ఓటింగ్ జరగలేదు. ఆ నవంబరులో ఆయన అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 2019 జూన్‌లోనూ 2025 సెప్టెంబరులోనూ అదే బ్రిటన్ రాజలాంఛనాలతో ఆయనకు స్వాగతం పలికింది.

పౌరులు, పత్రికలు ఏమన్నా చెల్లుతుంది. అంచనా వేయడమే వృత్తిగా గల దౌత్యవేత్తకు ఆ వెసులుబాటు లేదు. ఆతిథ్య దేశ నాయకత్వం సమర్థమైనదా కాదా అని స్వదేశానికి నిక్కచ్చిగా నివేదించడం రాయబారి విధి. అది బయట పడకూడదన్నది షరతు. ట్రంప్ యంత్రాంగం అసమర్థమైనదని వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబారి కిమ్ డారక్ పంపిన రహస్య నివేదికలు 2019 జులై 7న లండన్ పత్రికకెక్కాయి. ఇకపై ఆ రాయబారితో వ్యవహరించబోమని ట్రంప్ ప్రకటించారు. ప్రధాని థెరెసా మే రాయబారికి అండగా నిలిచారు. ఆమె స్థానం కోసం పోటీపడుతున్న బోరిస్ జాన్సన్ మాత్రం టీవీ చర్చలో ఎన్నిసార్లు అడిగినా, డారక్‌ను కొనసాగిస్తానని చెప్పలేదు. మరునాడే, జులై 10న, డారక్ రాజీనామా చేశారు. రెండు వారాలకు జాన్సన్ ప్రధాని పదవి చేపట్టారు.