స్కానింగులో కనబడని తలగాయం

ఒక ప్రయాణంలో సహాబీ ఒకరి తలకు రాయి తగిలి గాయమయింది. అనంతరం ఆయనకు గుసుల్ విధి అయింది. స్నానానికి బదులు తయమ్ముమ్ చేసుకునే సడలింపు తనకు ఉన్నదా అని ఆయన తోటివారిని అడిగారు. నీరు అందుబాటులో ఉన్నది గనుక సడలింపు లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, ప్రాణం కోల్పోయారు. ఈ విషయం తెలిసిన దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. వారే అతనిని చంపారని, తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, అజ్ఞానమనే రోగానికి అడగటమే మందని హెచ్చరించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సుననె అబూ దావూద్‌లో ఉన్నది.

మదర్సాలలో ఈ హదీసును తయమ్ముమ్ అధ్యాయంలో బోధిస్తాము. అయితే తలగాయం విషయంలోనూ ఇందులో మనకొక పాఠం ఉన్నది. ఆ సహాబీ మాట్లాడగలుగుతున్నారు, తన సమస్యను తానే చెప్పుకోగలుగుతున్నారు. అటువంటి మనిషి లోలోపల ఎంత ప్రమాదంలో ఉన్నాడో చుట్టూ ఉన్నవారు గ్రహించలేకపోయారు. నేటి వైద్యులు ‘కంకషన్’ అని, ‘స్వల్ప మెదడు గాయం’ అని పిలిచే స్థితిని గుర్తించటంలోని కష్టం కూడా ఇదే. గత యాభై సంవత్సరాలలో దీనిపై విస్తారమైన పరిశోధన జరిగింది. యంత్రాలు వచ్చాయి, రక్తపరీక్షలు వచ్చాయి. కాని గాయపడిన మనిషిని అడగటానికి, అతని మాట వినటానికి, అతనిని గమనించటానికి ప్రత్యామ్నాయం మాత్రం నేటికీ దొరకలేదు.

గాయం వేరు, నష్టం వేరు

మెదడు పుర్రెలో ఒక ద్రవం మధ్య ఉంటుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు, లేదా శరీరం ఒక్కసారిగా కుదుపుకు గురైనప్పుడు మెదడు లోపల కదిలిపోతుంది. సన్నని నరాల తంతువులు సాగుతాయి. కణాలలోని రసాయనాల సమతూకం తప్పుతుంది. రక్తస్రావం జరగకపోవచ్చు, ఎముక చిట్లకపోవచ్చు. అయినా మెదడు పని తీరు దెబ్బతింటుంది. తలనొప్పి, తల తిరగటం, వికారం, వెలుతురును, శబ్దాన్ని భరించలేకపోవటం, మతిమరుపు, ఏకాగ్రత లోపించటం, చిరాకు, నిద్రలో మార్పు దీని లక్షణాలు. అనేకుల భావనకు భిన్నంగా, అత్యధిక సందర్భాలలో స్పృహ తప్పదు.

మెదడు చిట్లటం వేరు, మెదడు అదిరిపోవటం వేరు అనే అవగాహనను వైద్య చరిత్రకారులు రయ్ నగరవాసి అబూబక్ర్ అల్ రాజీకి ఆపాదిస్తారు. ఆయన బాగ్దాద్ ఆసుపత్రికి అధిపతిగా పనిచేసి హిజ్రీ 313 ప్రాంతంలో మరణించిన మహా వైద్యుడు.

మన ఫుఖహాల గ్రంథాలలోనూ ఇటువంటి విభజనే కనిపిస్తుంది. తలగాయాలను వారు లోతును బట్టి వర్గీకరించారు. రక్తం చిందే ‘దామియా’ మొదలు, ఎముక బయటపడే ‘మూజిహా’, ఎముక విరిగే ‘హాషిమా’, మెదడు పొరను తాకే ‘మామూమా’ వరకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క పరిహారం నిర్ణయించారు. మూజిహాకు అయిదు ఒంటెలు. మామూమాకు దియత్‌లో మూడవ వంతు. కాని దెబ్బ వలన మనిషి బుద్ధి పోతే, గాయం ఎంత చిన్నదైనా పూర్తి దియత్ చెల్లించవలసిందే. తల మీద తగిలిన ఒకే దెబ్బకు వినికిడి, మాట, బుద్ధి, దాంపత్య శక్తి కోల్పోయిన వ్యక్తి విషయంలో, అతడు జీవించి ఉండగానే హజ్రత్ ఉమర్ (రజి) నాలుగు దియత్‌లు తీర్పు ఇచ్చారని ఫిఖ్హ్ గ్రంథాలు పేర్కొంటాయి. అనగా కొలతలు రెండు: గాయం లోతు ఒకటి, దాని వలన మనిషి కోల్పోయినది మరొకటి. మొదటిది కంటికి కనిపిస్తుంది. రెండవది అడిగి తెలుసుకోవలసినది.

కొలిచే ప్రయత్నాలు

1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు వైద్యులు స్పృహను కొలిచే ఒక పద్ధతిని ప్రకటించారు. కళ్లు తెరవటానికి 4, మాటకు 5, అవయవాల కదలికకు 6 చొప్పున నేడు మొత్తం 15 మార్కులు లెక్కిస్తారు. 13 నుండి 15 వరకు వస్తే ‘స్వల్ప’ గాయం అంటారు. ప్రపంచమంతటా ఆసుపత్రులలో నేటికీ ఇదే కొలమానం. అయితే 15కు 15 వచ్చిన వ్యక్తి కూడా నెలల తరబడి బాధపడవచ్చు. ఈ కొలమానం మేలుకువను తూస్తుంది. జ్ఞాపకశక్తిని, ఓర్పును, ఏకాగ్రతను తూచదు.

సీటీ స్కాన్ పుర్రె లోపలి రక్తస్రావాన్ని, ఎముక విరుగుడును చూపి లెక్కలేనన్ని ప్రాణాలను కాపాడింది. కాని కంకషన్ అయినవారిలో అత్యధికులకు సీటీ సాధారణంగానే వస్తుంది. అమెరికాలోని ‘ట్రాక్ టీబీఐ’ పరిశోధకులు సీటీలో ఏ లోపమూ కనబడని 450 మందికి తరువాత ఎంఆర్ఐ తీశారు. వారిలో 27 శాతం మందికి మెదడులో గాయపు గుర్తులు కనిపించాయని 2019లో ప్రకటించారు. అదే బృందం ఆ సంవత్సరమే ప్రచురించిన మరొక అధ్యయనంలో, స్వల్ప గాయమని పేరు పెట్టబడినవారిలో సగం మందికి పైగా ఏడాది తరువాత కూడా తమ మునుపటి జీవితానికి పూర్తిగా తిరిగి రాలేకపోయారని తేలింది.

మరి అందరికీ స్కాన్ తీయటమే మంచిదా? కాదు. పిల్లల లేత శరీరానికి రేడియేషన్ హాని ఉన్నది. అందుచేత అమెరికాలో 42,412 మంది పిల్లలను పరిశీలించి, ఎవరికి స్కాన్ అవసరం లేదో తెలిపే నియమాలను 2009లో రూపొందించారు. రెండేళ్ల లోపు శిశువుల నియమాలలో ఒకటి ఎంతో గమనించదగినది. బిడ్డ ఎప్పటిలా ఉన్నాడా లేడా అని తల్లిదండ్రులను అడగాలి. తల్లి ‘నా బిడ్డ ఎప్పటిలా లేడు’ అంటే, ఆ మాట వైద్యుడు లెక్కలోకి తీసుకోవలసిన ఒక లక్షణం.

రక్తపరీక్ష ఏమి చెబుతుంది?

మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు కొన్ని ప్రోటీన్లు రక్తంలోకి చేరతాయి. వాటిలో జీఎఫ్ఏపీ, యూసీహెచ్ ఎల్1 అనే రెండింటిని కొలిచే పరీక్షకు 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2024లో పడక వద్దనే సుమారు పావుగంటలో ఫలితం ఇచ్చే పరికరానికీ అనుమతి లభించింది. ఇది పెద్దలకు, దెబ్బ తగిలిన 24 గంటల లోపు ఉద్దేశించినది.

ఇది నిజంగా గొప్ప ముందడుగు. అయితే ఈ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబిస్తున్నదో తెలుసుకోవాలి. ‘ఇతనికి సీటీ అవసరమా?’ అనే ప్రశ్నకు అది జవాబిస్తుంది. ‘ఇతనికి కంకషన్ అయిందా?’ అనే ప్రశ్నకు కాదు. ఫలితం ‘నెగటివ్’ వచ్చినంత మాత్రాన అతని తలనొప్పి అబద్ధం కాదు.

2025లో 14 దేశాల నిపుణులు ఒక కొత్త విధానాన్ని ప్రతిపాదించారు. వైద్యుని పరిశీలన, రక్తంలోని గుర్తులు, స్కాన్ చిత్రాలు, రోగి జీవన పరిస్థితులు, ఈ నాలుగింటినీ కలిపి చూడాలన్నది దాని సారాంశం. ‘స్వల్పం’ అనే ఒక్క ముద్ర వలన అనేకులకు తగిన చికిత్స అందకుండా పోతున్నదన్నది వారి ఆవేదన.

మన ఇళ్లలో, మన మదర్సాలలో

‘స్కానింగులో ఏమీ లేదట, ఇంకా పడుకున్నాడేమిటి?’ అనే మాట మన ఇళ్లలో వినబడుతూనే ఉంటుంది. బండి మీద నుండి పడిన యువకుడు, మెట్ల మీద జారిన కోడలు, ఆటలో దెబ్బ తిన్న బాలుడు ఈ మాటకు గురవుతారు. నిన్నటి వరకు చక్కగా సబఖ్ అప్పజెప్పిన హిఫ్జ్ విద్యార్థి హఠాత్తుగా మరచిపోతూ ఉంటే సోమరితనమని నిర్ణయించే ముందు, ఈ మధ్య తలకు దెబ్బ తగిలిందా అని అడగటం ఉస్తాదు బాధ్యత. తలనొప్పితో ముస్‌హఫ్ వైపు చూడలేని పిల్లవానిని బెత్తంతో చదివించటం విద్య కాదు, జులుం.

మరొక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. కొన్ని తలదెబ్బలు మన చేతులతోనే తగులుతున్నాయి. ముఖం మీద కొట్టటాన్ని దైవప్రవక్త (స) స్పష్టంగా వారించారు. చెంపదెబ్బలు, నెత్తి మీద మొట్టికాయలు, గోడకు తోయటం క్రమశిక్షణ కావు. భర్త చేతి దెబ్బకు తల తిరుగుతున్నదని చెప్పుకోలేక, ‘జారి పడ్డాను’ అనే స్త్రీకి కంకషన్ అయిందో లేదో ఏ యంత్రమూ తనంతట తాను చెప్పదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఆప్యాయంగా అడిగేవారు కావాలి.

దెబ్బ తగిలినప్పుడు

పదే పదే వాంతులు, క్రమంగా పెరిగే తలనొప్పి, మూర్ఛ, మాట తడబాటు, కాలు చేయి బలహీనత, ముక్కు చెవుల నుండి నీరు లేదా రక్తం, లేపినా లేవని మత్తు, రెండు కంటిపాపలలో తేడా కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. వృద్ధులను, రక్తం పలచబడే మందులు వాడేవారిని దెబ్బ చిన్నదైనా వైద్యునికి చూపించాలి. వారిలో రక్తస్రావం కొన్ని వారాల తరువాత బయటపడవచ్చు.

ఈ ప్రమాద సూచనలు లేవని వైద్యుడు నిర్ధారిస్తే మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఆ తరువాత నడకతో ఆరంభించి క్రమంగా పని, చదువు. వారాల తరబడి చీకటి గదిలో పడుకోబెట్టటం మేలు చేయదని పరిశోధనలు తేల్చాయి. పూర్తిగా కోలుకునే వరకు మరో దెబ్బ తగిలే ఆటలు, బండి నడపటం తగదు.

ఇబాదత్ విషయంలోనూ సందేహం వద్దు. రుకూ, సజ్దాలలో తలనొప్పి, తల తిరగటం తీవ్రమవుతుంటే కూర్చుని సైగలతో నమాజు చేయవచ్చు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయాలని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు. ఉపవాసం వలన రోగం పెరుగుతుందని వైద్యుడు చెబితే దానిని తరువాత పూర్తి చేసుకునే సడలింపు ఖుర్ఆన్ ప్రసాదించినదే. అల్లాహ్ ఇచ్చిన సడలింపును రోగికి నిరాకరించే అధికారం మనకు లేదు.

ప్రాణం, ధర్మం, సంతానం, సంపదలతో పాటు బుద్ధిని కాపాడటం కూడా షరీఅత్ లక్ష్యాలలో ఒకటని ఇమామ్ గజాలీ (రహ్మ) వంటి ఉలమాలు వివరించారు. బండి ఎక్కేటప్పుడు హెల్మెట్ ధరించటం, బిడ్డ తల మీదికి చేయి ఎత్తకుండా ఆపుకోవటం, ‘ఎలా ఉంది?’ అని రెండవసారి, మూడవసారి అడగటం ఆ లక్ష్య సాధనలో మన వంతు. అల్లాహ్ మన కుటుంబాలకు ఆరోగ్యాన్ని, రోగుల బాధను అర్థం చేసుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.