మీకు తెలుసా? హోటల్ గదికీ ఒక వేలంపాట ఉంది

శని, ఆదివారాలు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ చూసొద్దామని ఫోను తెరుస్తాం. ఒకే హోటలు, ఒకే గది. ఒక యాప్‌లో ఒక ధర, ఇంకో యాప్‌లో ఇంకో ధర, అర్ధరాత్రి మళ్ళీ చూస్తే మూడో ధర! ఇంత తేడా ఎందుకో తెలియాలంటే హోటల్ గదుల వేలంపాట సంగతి తెలియాలి. అమెరికాలో మొదలైన ఆ కథకీ, బస్తర్‌లోని జగదల్‌పూర్ ప్రయాణానికీ ఉన్న చుట్టరికం ఇది.

1. ధర మీరే చెప్పే కంపెనీ ఒకటి ఉండేది

అమెరికాలో జే వాకర్ స్థాపించిన ప్రైస్‌లైన్ 1998 ఏప్రిల్‌లో జనం ముందుకొచ్చింది. మొదట విమాన టికెట్లు, తర్వాత హోటల్ గదులు. ఊళ్ళో ఏ ప్రాంతంలో కావాలో, ఎన్ని నక్షత్రాల హోటలు కావాలో, రాత్రికి ఎంత ఇస్తారో మీరే చెప్పాలి. క్రెడిట్ కార్డు నంబరు ముందే ఇచ్చేయాలి. ఏదో ఒక హోటలు సరేనంటే డబ్బు ఆ క్షణమే పోతుంది, హోటలు పేరు ఆ తర్వాతే తెలుస్తుంది. రద్దు లేదు, వాపసు లేదు.

పేరు దాచడంలోనే కిటుకంతా ఉంది. 120 డాలర్ల గదిని 60కి ఇస్తున్నట్టు బయటపడితే, 120 ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు కూడా 60కే అడుగుతారు. పేరు కనపడకపోతే హోటలుకి పరువూ దక్కుతుంది, గదీ అమ్ముడుపోతుంది.

2. తక్కువకి దక్కిందో లేదో పాడినవాడికి ఎప్పటికీ తెలియదు

హోటలు 50 డాలర్లకే ఒప్పుకునేదనుకోండి. మీరు 80 పాడితే 80 కట్టాల్సిందే, మిగతా 30 మీకు తిరిగి రాదు. అందుకే అందరూ బాగా కిందనుంచి మొదలుపెట్టేవారు. కాదంటే అవే వివరాలతో మళ్ళీ పాడటానికి 24 గంటలు ఆగాలి. ప్రాంతమో, నక్షత్రాల సంఖ్యో మారిస్తే మాత్రం వెంటనే పాడొచ్చు.

ఘటికులు అందులోనే సందు కనిపెట్టారు. నాలుగు నక్షత్రాల హోటలు ఒక్కటీ లేని ప్రాంతాన్ని వెతికి, దాన్ని కూడా తమ జాబితాలో చేర్చి, ధర ఇంకో 5 డాలర్లు పెంచి మళ్ళీ పాడేవారు. కొత్త ప్రాంతంలో ఆ స్థాయి హోటలే లేదు కనక, దొరికితే గది మొదట కోరుకున్న చోటే దొరుకుతుంది!

గెలిచినవాడు తన పాట కాకుండా రెండో పెద్ద పాట ధర కట్టే వేలం కూడా ఉంది. అందులో మనసులో మాట దాచి లాభం లేదని 1961లో నిరూపించిన విలియం విక్రీకి 1996లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రైస్‌లైన్ ఆ దారిన పోలేదు.

3. బేరానికి పేటెంటు!

ఈ తరహా బేరానికి ప్రైస్‌లైన్ పక్షాన 1998 ఆగస్టులో అమెరికా పేటెంటు దక్కింది. తన అనుమతి లేకుండా అదే పద్ధతి వాడారంటూ 1999లో మైక్రోసాఫ్ట్ మీద, దాని ఎక్స్‌పీడియా మీద కోర్టుకెక్కింది. 2001లో రాజీ కుదిరింది.

4. గదులకి చెల్లిన పాట సరుకులకి చెల్లలేదు

ప్రైస్‌లైన్ విజయం చూసి, పచారీ సామాన్లకీ పెట్రోలుకీ కూడా మీ ధర మీరే చెప్పండంటూ వెబ్‌హౌస్ క్లబ్ అనే అనుబంధ వ్యాపారం మొదలైంది. 2000 అక్టోబరులో అది మూతపడింది. ఎందుకని? సబ్బు ఈ రోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు, దుకాణదారుకి తొందరేమీ లేదు. గది అలా కాదు. నిన్నటి ఆటకి మిగిలిపోయిన సినిమా టికెట్‌లాగే, నిన్న ఖాళీగా ఉన్న గదికి ఈ రోజు విలువ లేదు. దుప్పట్ల ఉతుకు, కరెంటు, సబ్బు ఖర్చు రాబట్టుకుని పైన ఎంత వచ్చినా హోటలుకి లాభమే.

ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు. చవక గది దొరికేది మాటకారితనం వల్ల కాదు, ఆ రాత్రి ఖాళీగా మిగిలిపోతుందన్న భయం హోటలువాడికి ఉండటం వల్ల. బస్తర్‌లో ఆ భయం ఎప్పుడు, ఎక్కడ ఉంటుందో కింద చూద్దాం.

5. వేలం పోయింది, వేలం వేసినవాడు మిగిలాడు

ప్రైస్‌లైన్ ప్రకటనల్లో బేరగాడి వేషం వేసిన నటుడు విలియం షాట్నర్ పాత్రని 2012లో ఒక ప్రకటనలో బస్సు ప్రమాదంలో చంపేశారు. విమాన టికెట్ల పాట 2016లో ఆగిపోయింది, గదుల పాట కూడా తర్వాత కనుమరుగైంది. కంపెనీ మాత్రం ఇంకా పెద్దదైంది. 2005లో నెదర్లాండ్స్‌కి చెందిన బుకింగ్ డాట్ కామ్‌ని 13.3 కోట్ల డాలర్లకి కొంది. చివరికి 2018లో ఆ కొన్న కంపెనీ పేరే తానూ పెట్టుకుని బుకింగ్ హోల్డింగ్స్ అయింది.

6. ఇప్పుడు పాట పాడేది మనం కాదు, మన కోసం పాడుతున్నారు

ధరలు పోల్చి చూపే సైట్లలో పైన కనపడటానికి బుకింగ్ కంపెనీలే పోటీపడి పాడతాయి. మీరు నొక్కిన ఒక్కో క్లిక్కుకీ ఇంత అని కడతాయి. అలాంటి సైటే అయిన ట్రివాగో మీద ఆస్ట్రేలియాలో కేసు నడిచింది ఈ సంగతి మీదే. తనకు క్లిక్కుకి ఎక్కువ కట్టే కంపెనీల ధరలకి పెద్దపీట వేస్తూ, అవే చవకైనవన్న భ్రమ కల్పించిందని 2020లో అక్కడి ఫెడరల్ కోర్టు తేల్చింది. 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. పైన కనపడినంత మాత్రాన అది చవకైనదని కాదు.

7. మీరెక్కే విమానం వెనకా వేలముంది

జగదల్‌పూర్‌లోని మా దంతేశ్వరి విమానాశ్రయం నుంచి 2020 సెప్టెంబరు 21న అలయన్స్ ఎయిర్ విమానాలు మొదలయ్యాయి. రాయ్‌పూర్, జగదల్‌పూర్, హైదరాబాద్‌లని కలుపుతూ ఆ సర్వీసు కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద మొదలైంది. ఆ పథకంలో పాట తలకిందులుగా సాగుతుంది. ఒక మార్గంలో విమానం నడపడానికి ప్రభుత్వం నుంచి అందరికన్నా తక్కువ సాయం అడిగిన కంపెనీకే ఆ మార్గం దక్కుతుంది. బదులుగా కొన్ని సీట్లని పరిమితి దాటని ధరకి అమ్మాలి. పథకం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి ఆ పరిమితి సుమారు ₹2,500. 2017 ఏప్రిల్ 27న తొలి ఉడాన్ విమానాలకి పచ్చజెండా ఊపినప్పుడు సిమ్లా మార్గంతోపాటు మన కడప–హైదరాబాద్ కూడా ఉంది.

8. జగదల్‌పూర్ రైలు ఓయో కుర్రాడి జిల్లా మీదుగా వెళ్తుంది

భువనేశ్వర్ నుంచి జగదల్‌పూర్ వెళ్ళే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ విజయనగరం, పార్వతీపురం దాటి రాయగడ మీదుగా పోతుంది. చిన్న హోటళ్ళని ఒక పేరు కిందికి తెచ్చి 2013లో ఓయో పెట్టిన రితేష్ అగర్వాల్ ఆ రాయగడ జిల్లావాడే. విశాఖ నుంచి అరకు, జగదల్‌పూర్ మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు దారి మాత్రం ప్రయాణికుల కోసం వేసింది కాదు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు.

9. హోటలుకి నేరుగా ఫోను చేస్తే ఇద్దరికీ లాభం

బుకింగ్ యాప్‌లు హోటళ్ళ దగ్గర వందకి 15 నుంచి 25 దాకా కమీషన్ తీసుకోవడం మామూలే. 20 అనుకుందాం. యాప్‌లో గది ₹3,000 అయితే హోటలు చేతికొచ్చేది ₹2,400. మీరు నేరుగా ఫోను చేసి ₹2,700 అడిగారనుకోండి. మీకు ₹300 మిగులు, హోటలుకీ ₹300 అదనం. మేనేజరుకి ఈ లెక్క మీకన్నా బాగా తెలుసు, కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అయితే యాప్‌లో ఉన్న కూపన్లు, బ్యాంకు కార్డు తగ్గింపులు కలిపి చూశాకే ఫోను ఎత్తండి. ఒక్కోసారి యాప్ తన కమీషన్‌లోంచే మీకు వదులుకుంటుంది, అప్పుడు మేనేజరు ఎంత తగ్గినా సరితూగడు.

మరి హోటళ్ళు తమ సొంత సైట్లలోనే తక్కువ ధర పెట్టొచ్చుగా? యాప్‌లో పెట్టిన ధరకన్నా ఇంకెక్కడా తగ్గించకూడదన్న ఒప్పందాలు అడ్డమొచ్చేవి. హోటళ్ళ సమాఖ్య ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్–గోఐబిబోకి ₹223.48 కోట్లు, ఓయోకి ₹168.88 కోట్లు జరిమానా వేసింది. అలాంటి షరతులు తీసేయమని మేక్‌మైట్రిప్–గోఐబిబోని ఆదేశించింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీలుకి వెళ్ళాయి.

10. చిత్రకోట్‌లో శనివారం బేరం సాగదు

నగరాల్లో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళతో నడిచే హోటళ్ళు శని, ఆదివారాలు ఖాళీ అవుతాయి, అప్పుడు ధర దిగుతుంది. జలపాతం దగ్గర లెక్క తిరగబడుతుంది. జగదల్‌పూర్‌కి సుమారు 38 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి నది మీదున్న చిత్రకోట్ ఎత్తు 29 మీటర్లే అయినా, వానాకాలంలో దాదాపు 300 మీటర్ల వెడల్పున దూకుతుంది. ఆ నీళ్ళే గోదావరిలో కలిసి మన ఏటూరునాగారం, భద్రాచలం మీదుగా పోతాయి. అక్కడ బస చేయడానికి ఉన్న చోట్లు కొద్ది. ఛత్తీస్‌గఢ్ పర్యాటక మండలి వాళ్ళ దండామి రిసార్టు లాంటి చోట్ల ధరలు నిర్ణయించి ఉంటాయి, ఆడటానికి బేరమే లేదు. బేరం ఆడాలంటే శనివారం వదిలేసి మంగళవారమో బుధవారమో వెళ్ళాలి. లేదా జగదల్‌పూర్ ఊళ్ళో దిగి, పొద్దున్నే బండి మాట్లాడుకుని జలపాతానికి వెళ్ళాలి. ఊళ్ళో గదులు ఎక్కువ కాబట్టి ఖాళీలూ ఎక్కువ.

కాలం కూడా చూసుకోవాలి. జలపాతం నిండుగా ఉండే వానల్లో, కాంగేర్ లోయ జాతీయ వనంలోని కోటుంసర్ గుహ మూసేస్తారు. గుహ తెరిచే చలికాలంలో నీళ్ళు తగ్గుతాయి, జనం పెరుగుతారు. ఒకటి వదులుకున్నవాళ్ళకే గది చవక.

11. బస్తర్ దసరా 75 రోజులు, రావణుడు ఉండడు

శ్రావణ అమావాస్య నాడు మొదలయ్యే ఈ పండగలో రావణ దహనం ఉండదు. పండగంతా దంతేశ్వరి అమ్మవారిది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని చెబుతారు. ఆ కాకతీయ వంశం రాజుల కాలం నుంచీ పండగ సాగుతోంది. నవరాత్రుల్లో పెద్ద చెక్క రథాన్ని జగదల్‌పూర్ వీధుల్లో లాగే రోజుల్లో గది బేరం మాట ఎత్తారో, కొనబోతే కొరివి అన్న సామెత అనుభవంలోకి వస్తుంది. ఆ రోజులకి ముందే బుక్ చేసుకోవడం ఒక్కటే దారి.

12. ఐక్యరాజ్య సమితి దాకా వెళ్ళిన పల్లె

కాంగేర్ లోయలోని ధుడ్‌మారాస్ అనే పల్లెని 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ తన ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎంపిక చేసింది. అలాంటి ఊళ్ళలో ఊరివాళ్ళ ఇంట్లోనే బస, వాళ్ళు వండిందే భోజనం. ఒకటి రెండు గదులున్న ఇంట్లో ఖాళీ రాత్రి భయం పెద్ద హోటలుకి ఉన్నట్టు ఉండదు. పైగా ఆ డబ్బు నేరుగా ఇంటికే చేరుతుంది. ఇక్కడ పైసా పైసా గీచి బేరమాడకపోవడమే మర్యాద.

13. బిల్లులో పన్ను తగ్గింది, చూసుకున్నారా?

రోజుకి ₹7,500 వరకు అద్దె ఉన్న గది మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. ఇందాకటి ₹2,700 గదికి పన్ను ₹135 కలిపి ₹2,835 అవుతుంది. పాత లెక్క ప్రకారం ₹3,024 అయ్యేది. ₹7,500 దాటితే మాత్రం 18 శాతం. ఫోనులో ధర చెప్పగానే ‘పన్నుతో కలిపేనా?’ అని అడగడం మరిచిపోకండి.

14. ‘ఒక్క గదే మిగిలింది’ అని అబద్ధమాడి తొందరపెట్టడం తప్పే

లేని కొరత చూపించి తొందరపెట్టడం, చివరి పేజీలో కొత్త రుసుములు బయటపెట్టడం, అడక్కుండానే బీమానో విరాళమో బిల్లులో కలిపేయడం: ఇవన్నీ 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటిఫై చేసిన 13 మోసపు పద్ధతుల జాబితాలో ఉన్నాయి. ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు.

15. బస్తర్ అసలు ఆన్‌లైన్ వేలం గదులది కాదు, ఆకులది

బీడీలు చుట్టే తునికాకుని ఛత్తీస్‌గఢ్ అటవీ ఉత్పత్తుల సమాఖ్య ఆన్‌లైన్ టెండర్ల ద్వారా అమ్ముతుంది. అదీ ఎండాకాలంలో ఆకు కోత మొదలవకముందే. ఏరినవాళ్ళకి 50 ఆకుల కట్టలు వెయ్యి, అంటే 50,000 ఆకులు ఒక ప్రామాణిక సంచి. దానికిచ్చే కూలిని 2024లో ₹4,000 నుంచి ₹5,500కి పెంచారు. ఆకు దొరకదేమోనన్న భయం కొనేవాడిది, అందుకే చెట్టు మీద ఉండగానే పాడుకుంటాడు. గది మిగిలిపోతుందేమోనన్న భయం హోటలువాడిది, అందుకే చివరి గంటలో దిగొస్తాడు. దసరాకి వెళ్తున్నారా, ఆకు వ్యాపారిలా నెలల ముందే ఖాయం చేసుకోండి. ఆగస్టులో ఓ బుధవారం వెళ్తున్నారా, తీరిగ్గా జగదల్‌పూర్ చేరి నాలుగు చోట్ల ఫోను చేసి అడగండి.