మామ కోటు - మన ఎండ!

‘బొబ్బిలిపులి’ (1982)లో మేజర్ చక్రధర్‌గా ఎన్.టి.ఆర్.ను చూశాక మిలిటరీ కోటు మీద మనసు పడని కుర్రాడుంటాడా? నేనూ పడ్డాను! రిటైరై మా వీరపునాయునిపల్లెకు వచ్చేసిన సుబేదారు మామ దగ్గర పాత కోటొకటి ఉండేది. డిసెంబరులో ఒకనాడు అది అడిగి పుచ్చుకుని, మార్నింగ్ షోకని ప్రొద్దుటూరు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నా చలి దరిచేరలేదు. హీరోనే అనుకోండి! ఆట వదిలేసరికి మిట్టమధ్యాహ్నం. చొక్కా వీపుకు అతుక్కుపోయింది, కోటు చంకలోకి చేరింది.

అసలు ఈ కోట్ల కిటుకంతా లోపలుంది. ‘టాక్సీ డ్రైవర్’ (1976)లో రాబర్ట్ డి నీరో తొడుక్కున్న అమెరికన్ ఎం-65నే చూడండి. తలకప్పుకునే ముసుగు కాలర్‌లో మడిచి ఉంటుంది. వెచ్చని లోపలి అస్తరు గుండీలు విప్పితే ఊడొస్తుంది. అది తీసేస్తే మన కార్తీకపు చిరుజల్లుకు సరిపోతుంది, జడివానకు మాత్రం ఆగదు. మార్చి దాటిందా, కడప జిల్లాలో ఏ కోటైనా పెట్టెలోకే! 40 డిగ్రీల ఎండకు స్టయిలేం తెలుస్తుంది?

అన్నట్టు, కోటిచ్చే ముందు మామ భుజాల మీది గుర్తులు విప్పి తన జేబులో వేసుకున్నాడు. నేను మొహం ముడుచుకున్నాను. “కోటు యేసుకో అల్లుడా. ఇవి మాత్రం నేను సంపాదించుకున్నేవి,” అన్నాడు. సైనికుడినని నమ్మించడానికి ఆ దుస్తులూ గుర్తులూ వేసుకోవడం చట్టరీత్యా నేరమని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మామ ఇప్పుడు లేడు. కోటుంది. రెండో గుండీ ఒక్కటే నేను కుట్టించింది.